స్ఫటికంలో నీరు – ప్రయోగశాలలో కరువు

ఆగిరిపల్లి అనగానే ఎవరికైనా రెండు సంగతులు స్ఫురిస్తాయి. ఒకటి శోభనాచలం కొండమీది నరసింహస్వామి. రెండోది చుట్టూ ఉన్న మామిడితోటలు. నూజివీడు రసాలు, బంగినపల్లి పేరు చెప్పుకుని మన ప్రాంతం దేశమంతా తిరిగి వస్తుంది. బాగానే ఉంది. కాని, మూడో సంగతి ఒకటి ఉంది. మన కాలేజీలో బి.ఎస్‌సి. చదువుతున్న పదిమందిని నిలబెట్టి అడగండి - ఎందరికి తెలుసో లెక్కపెట్టండి. స్ఫటికాల భౌతికశాస్త్రంలో ప్రపంచమంతా చదివిన గ్రంథాలు రాసిన సూరి భగవంతం గారు 1909 అక్టోబరు 14న పుట్టింది ఈ ఆగిరిపల్లిలోనే.

ఈ మాట ఊరి గొప్ప చెప్పుకోవడానికి ఎత్తడం లేదు. గొప్పలు చెప్పుకుంటే కడుపు నిండదు. భగవంతం గారి ఊరి చుట్టుపక్కల నుంచి వచ్చే పిల్లలు మూడేళ్ళు సైన్సు చదివి, ఒక్క స్ఫటికాన్నయినా తమ చేతులతో పెంచకుండా, ఒక్కసారయినా దాన్ని తూచకుండా డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోతున్నారు. ఇది మంచిది కాదని నా అభిప్రాయం. ఎందుకు మంచిది కాదో, ఏం చేస్తే బాగుపడుతుందో నాలుగు మాటలు మనవి చేస్తాను. మధ్యలో కాస్త రసాయనశాస్త్రం తప్పదు. ఆర్ట్స్ మిత్రులు మన్నించాలి. వారికి అర్థంకాని మాట ఒక్కటీ రాయకుండా ఉండడానికి ప్రయత్నం చేస్తాను.

ముందు భగవంతం గారి సంగతి

గుడివాడలో ప్రాథమిక విద్య, హైదరాబాదు నిజాం కాలేజీలో బి.ఎస్‌సి., మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఎస్‌సి. రామన్ ఎఫెక్టు వెలువడిన 1928లోనే కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులయ్యారు. అక్కడ గణితశాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడు గారితో కలిసి స్ఫటికాల రామన్ వర్ణపటాలకు గ్రూప్ థియరీని అన్వయించారు. 1939లో ఆ వ్యాసం వెలువడింది. ఆ ఇద్దరూ కలిసి రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే ప్రచురించింది. స్ఫటిక సౌష్ఠవం మీదా, భౌతిక ధర్మాల మీదా ఆయన రాసిన గ్రంథం 1966లో లండన్‌లో అచ్చయింది. మధ్యలో ఉస్మానియా వైస్‌చాన్సలరుగానూ, 1957 నుంచి 1962 దాకా బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగానూ, ఆపైన రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగానూ పనిచేశారు. 1989 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

పదవుల జాబితా పక్కనపెడితే, ఆయన పనిలోని సారం ఇది: స్ఫటికం ఆకారంలో ఉన్న సౌష్ఠవం తెలిస్తే చాలు, దానికి ఏ గుణాలు ఉండటానికి వీలుందో, ఏవి ఉండటానికి వీల్లేదో కొలవకముందే చెప్పవచ్చు. కొలవవలసిన స్థిరాంకాలు ఎన్నో కూడా చెప్పవచ్చు. జాతకం చెప్పడం కాదు సుమా! గట్టి లెక్క. స్ఫటికాలన్నీ 32 సౌష్ఠవ వర్గాల్లో ఇమిడిపోతాయి. అందులో 20 వర్గాలకు మాత్రమే నొక్కితే విద్యుదావేశం పుట్టే లక్షణం, అంటే పీజో విద్యుత్తు, ఉండటానికి వీలుంది. మిగిలిన వాటిని సుత్తితో కొట్టినా రాదు.

అలమరలో ఉన్న సీసా

ఇక మన ప్రయోగశాలకు వద్దాం. చక్కెర పరీక్షకు వాడే ఫెహ్లింగ్ ద్రావణం పేరు కెమిస్ట్రీ చదివిన వాళ్ళందరికీ తెలుసు. ‘ఎ’ సీసాలో మైలుతుత్తం, ‘బి’ సీసాలో కాస్టిక్ సోడాతో పాటు రాషెల్ లవణం. క్షారంలో రాగి అడుగంటిపోకుండా పట్టి ఉంచడమే ఆ లవణం పని. పరీక్ష అవుతుంది, ఎర్రని అవక్షేపం వస్తుంది, రికార్డులో రాస్తాం, సీసా మళ్ళీ అలమర ఎక్కుతుంది. ఆ ‘బి’ సీసాలో కరిగిపోయిన పదార్థం ఎలాంటిదో, విడిగా స్ఫటికంగా ఉన్నప్పుడు ఎంత విచిత్రంగా ప్రవర్తిస్తుందో ఎవరూ అడగరు; ఎవరూ చెప్పరు.

రాషెల్ లవణం అంటే సోడియం పొటాషియం టార్ట్రేట్. ఫ్రాన్సులో లా రాషెల్ అనే రేవు పట్టణంలో సీనెట్ అనే మందుల తయారీదారు పదిహేడో శతాబ్దంలో దీన్ని విరేచనాల మందుగా తయారుచేశాడు. అందుకే ఆ పేరు. దీనికి మూలమైన టార్టారిక్ ఆమ్లం మనకు కొత్తది కాదు. చింతపండు పులుపు అదే. పాశ్చాత్యులకు ద్రాక్షసారా పీపాల అడుగున దొరికింది మనకు చారులో దొరుకుతుంది. చింతపండు పులుసులో సున్నపు తేట పోస్తే కాల్షియం టార్ట్రేట్ అడుగుకు దిగుతుంది. చింతపండు నుంచి ఆమ్లాన్ని వేరుచెయ్యడానికి అదే మొదటి మెట్టు.

ఇది ఆర్ద్ర లవణం. అంటే, స్ఫటికంలో ఒక్కో టార్ట్రేట్‌కు నాలుగేసి నీటి అణువులు ఉంటాయి. ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. తడి తగలదు. కాని నూరు గ్రాముల స్ఫటికంలో ఇరవై అయిదున్నర గ్రాములు అచ్చంగా నీళ్ళే! చాకలిసోడా గడ్డ సంగతి ఇంకా విడ్డూరం. పది నీటి అణువులున్న ఆ స్ఫటికంలో నూటికి 63 వంతులు నీళ్ళు. గాలికి వదిలేస్తే ఆ గడ్డ మెరుపు పోయి తెల్లని పొడి అయిపోవడం అందరూ చూసిందే. పోయింది నీళ్ళు, కూలింది ఇల్లు.

నీరు అతిథి కాదు, రాట

ఇక్కడే అసలు విషయం ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో లవణం పేరు రాసి, చుక్కపెట్టి, నాలుగు నీళ్ళు అని రాస్తాం. ఆ చుక్క చూస్తే నీరేదో భోజనానికి వచ్చిన అతిథి అనీ, విస్తరి ఎత్తగానే వెళ్ళిపోతుందనీ అనిపిస్తుంది. అది పొరపాటు. స్ఫటికంలో నీరు పందిరికి రాట వంటిది. రాట పీకితే పందిరి నిలవదు.

నిలబెట్టేది హైడ్రోజన్ బంధం. పాత పుస్తకాల్లో ఉదజని బంధం అనేవారు. హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాను. అది ఒక ఆక్సిజన్‌తో కాపురం చేస్తూనే, పక్కన ఇంకో ఆక్సిజన్ ఉంటే తన ఇంట్లోంచి కదలకుండా ప్రహరీ మీదుగా పక్కింటివైపు చెయ్యి చాపుతుంది. ఆ చాచిన చెయ్యే హైడ్రోజన్ బంధం. అసలు బంధంతో పోలిస్తే దాని బలం ఇరవయ్యో వంతు. కాని నీటి అణువు ప్రత్యేకత చూడండి: దానికి ఇవ్వడానికి రెండు హైడ్రోజన్లు, పుచ్చుకోవడానికి రెండు ఎలక్ట్రాను జంటలు ఉన్నాయి. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇంత సమానంగా ఉండే అణువు మరొకటి దొరకడం కష్టం. టార్ట్రేట్ అయాన్లలోని ఆక్సిజన్లను ఒకదానికొకటి అందనంత దూరంలో ఉన్నా సరే, మధ్యన నీరు నిలబడి అటో చెయ్యి ఇటో చెయ్యి ఇచ్చి కలుపుతుంది. విడివిడిగా బలహీనమైన బంధాలే. కాని కోట్లకొద్దీ ఒకే క్రమంలో ఉంటాయి కనుక స్ఫటికం నిలుస్తుంది.

రాషెల్ లవణం లోపలి నిర్మాణాన్ని 1941లో బీవర్స్, హ్యూస్ అనే ఇద్దరు ఎక్స్-కిరణాలతో తేల్చారు. అయితే హైడ్రోజన్‌కు ఒక్క ఎలక్ట్రానే కావడం చేత ఎక్స్-కిరణాలకు అది సరిగా ఆనదు. న్యూట్రాన్లకు బాగా ఆనుతుంది. అందుకే ట్రాంబేలో ఆర్. చిదంబరం గారు, వారి సహచరులు రియాక్టరు నుంచి వచ్చే న్యూట్రాన్లతో పొటాషియం ఆక్సలేట్ వంటి ఆర్ద్ర లవణాల్లో హైడ్రోజన్ స్థానాలను కొలిచారు; ఆ వ్యాసం 1970లో వచ్చింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1979 నుంచి ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన గౌతమ్ దేశిరాజు గారు, ఈ బలహీన బంధాలను ఇటుకల్లా వాడి కోరిన స్ఫటికాన్ని కట్టవచ్చునని చెబుతూ 1989లో పుస్తకమే రాశారు. అసలు హైడ్రోజన్ బంధం అంటే ఏమిటో ప్రపంచ రసాయనశాస్త్ర సమాఖ్య 2011లో కొత్త నిర్వచనం ఇస్తే, ఆ బృందానికి నాయకత్వం వహించింది బెంగుళూరులోని ఇ. అరుణన్ గారు. కనుక ఇది ఎక్కడో సముద్రాల అవతల జరిగే పని అనుకోవడానికి వీల్లేదు. మన ఇంటి పని.

రోహిణి కార్తె, ధనుర్మాసం

ఇప్పుడు నా వాదానికి ప్రాణమైన సంగతి చెబుతాను.

రాషెల్ లవణాన్ని నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అన్నదమ్ములు చూపించారు. వాళ్ళు పరీక్షించిన వాటిలో చెరకు పంచదార స్ఫటికం కూడా ఉంది. మన పటికబెల్లం అన్నమాట. తర్వాత 1920లో అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాలసెక్ అనే పరిశోధక విద్యార్థి ఇంకో వింత కనిపెట్టాడు. ఈ స్ఫటికం ఒక ఉష్ణోగ్రతల మధ్య తనంతట తానే విద్యుద్ధ్రువణం పొందుతుంది, బయటి విద్యుత్ క్షేత్రంతో దాన్ని తలకిందులు చెయ్యవచ్చు. ఇనుము అయస్కాంతం అయినట్టే. ఫెర్రో విద్యుత్తు అనే అధ్యాయం మొత్తం ఈ విరేచనాల మందుతో మొదలయింది!

ఆ ఉష్ణోగ్రతలు ఏవంటే, కింద సున్నాకు దిగువన 18 డిగ్రీల సెంటీగ్రేడ్. పైన 24 డిగ్రీలు. 24 దాటితే స్ఫటికంలో ఒకదానికొకటి లంబంగా మూడు సౌష్ఠవ అక్షాలు ఉంటాయి. మూడు వైపులా సమానంగా లాగితే బండి ఎటూ కదలనట్టు, ఏ దిక్కుకూ ధ్రువణం ఉండటానికి వీల్లేదు. 24 దిగితే మూడిట్లో ఒక్క అక్షమే మిగులుతుంది. ఆ దిక్కున ధ్రువణం తలెత్తుతుంది. భగవంతం గారు బోధించిన సౌష్ఠవ నియమానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ కావాలా? హైడ్రోజన్‌కు బదులు దాని అన్నగారైన డ్యుటీరియాన్ని ప్రవేశపెడితే ఈ 24 డిగ్రీలు సుమారు 35కు జరుగుతుంది. హైడ్రోజన్ బంధాల చెయ్యి ఇందులో ఉందనడానికి అదే సాక్ష్యం.

మిత్రులారా, ఈ 24 డిగ్రీలను మన ఊళ్ళో పెట్టి చూడండి. ధనుర్మాసం తెల్లవారుజామున ఆగిరిపల్లిలో ఈ స్ఫటికం ఒక గుణం చూపుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఆ గుణమే ఉండదు. అదే స్ఫటికం, అదే బల్ల, అదే విద్యార్థి. మారింది ఋతువు. అంతే కాదు. గాలి మరీ పొడిగా ఉంటే ఇది నీళ్ళు వదిలి పొడిబారుతుంది. వానాకాలపు ఉక్కకు నీళ్ళు పీల్చి కరిగిపోతుంది. ఒకప్పుడు గ్రామఫోను పికప్పుల్లోనూ, మైకుల్లోనూ ఈ స్ఫటికాన్నే వాడేవారు. తేమదేశాల్లో అవి త్వరగా పాడయ్యేవి. పింగాణీ వంటి కొత్త పదార్థాలు రాగానే దీన్ని పక్కన పెట్టడానికి అదొక కారణం.

పాశ్చర్ కథ మరీ ముఖ్యం. 1848లో, పాతికేళ్ళ వయసులో, లూయీ పాశ్చర్ రాషెల్ లవణానికి తోబుట్టువు లాంటి సోడియం అమ్మోనియం టార్ట్రేట్ స్ఫటికాలను భూతద్దం కింద పెట్టి, కుడిచేతి వాటం ఉన్నవి ఒకవైపు, ఎడమచేతి వాటం ఉన్నవి ఒకవైపు పటకారుతో ఏరి వేరుచేశాడు. అణువులకు కుడిఎడమలు ఉన్నాయని లోకానికి తెలిసింది ఆ ఏరివేతతోనే. ఆ స్ఫటికాల్లోనూ నాలుగు నీటి అణువులుంటాయి. కాని ఒక మెలిక ఉంది. ద్రావణం ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలకు లోపల ఉంటేనే కుడిఎడమలు విడివిడిగా దిగుతాయి. అంతకు మించితే, ఒక్క నీటి అణువుతో, కుడిఎడమలు రెండూ కలిసిపోయిన వేరే స్ఫటికం వస్తుంది. అప్పుడు ఏరడానికి ఏమీ ఉండదు. పారిస్ చలి పాశ్చర్‌కు సాయం చేసింది. అదే ప్రయోగాన్ని మే నెలలో నూజివీడు ప్రాంతంలో, మామూలు గదిలో చేసి ఉంటే ఆయనకు రెండు రకాలు కనిపించేవి కావు!

దీనివల్ల తేలేదేమిటి? ప్రయోగం అనేది పుస్తకంలోంచి ఎత్తి రికార్డులో దించేది కాదు. అది జరిగే చోటు, జరిగే ఋతువు దానిలో భాగం. చలిదేశపు పుస్తకంలో "గది ఉష్ణోగ్రత వద్ద" అని రాసి ఉంటే, ఆ గది మనది కాదు. మన గదిలో ఏం జరుగుతుందో మనమే చూసి రాసుకోవాలి. ఆ పని ఇంకెవరూ మనకోసం చెయ్యరు.

రికార్డు రాత

మరి మన దగ్గర జరుగుతున్నదేమిటి? ఏ ఒక్క కళాశాలనూ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. చాలాచోట్ల పరిస్థితి ఒక్కటే. ప్రాక్టికల్ పీరియడు అంటే రికార్డు పీరియడు అయిపోయింది. సీనియరు రికార్డు జూనియరుకు వారసత్వంగా వస్తుంది. దానితోపాటు సీనియరు బ్యూరెట్టు రీడింగులూ వస్తాయి. విలువలు రెండో దశాంశ స్థానం దాకా కలుస్తాయి! ప్రయోగం చేస్తే విలువలు అంత చక్కగా కలవవని చేసినవాడికి తెలుసు. కలిశాయంటేనే చెయ్యలేదని అర్థం.

తప్పు విద్యార్థిది ఒక్కడిదే అనను. అధ్యాపకుల ఖాళీలు నిండవు. ఉన్న ఒక్క తూకపు యంత్రం దగ్గర ముప్ఫైమంది నిలబడాలి. పరీక్షలో అడిగేది తెలిసిన ప్రయోగమే, మార్కులు వేసేది తెలిసిన జవాబుకే. అలాంటప్పుడు నిజంగా చేసినవాడికి తప్పు జవాబు, కాపీ కొట్టినవాడికి ఒప్పు జవాబు వస్తే, కుర్రవాడు నేర్చుకునే పాఠం ఏమిటి? నిజాయితీగా చూడటం వల్ల నష్టం అనే పాఠం. సైన్సు చదువులో ఇంతకంటే ప్రమాదకరమైన పాఠం లేదు.

"ఇదంతా ఎందుకండీ, ఉద్యోగం వస్తుందా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. తోటకు నీళ్ళు పెట్టి, కాయ కోయించి కొడుకునో కూతురినో కాలేజీకి పంపిన తండ్రి అడిగే ప్రశ్న ఇది. జవాబు చెప్పవలసిన బాధ్యత మనమీద ఉంది.

మన డిగ్రీ పిల్లల్లో చాలామంది చివరికి చేరేది హైదరాబాదు, విశాఖ ప్రాంతాల మందుల ఫ్యాక్టరీల్లో. అక్కడ ఏం ఉంటుంది? అమాక్సిసిలిన్ మాత్ర పెట్టె మీద చూడండి: అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్ అని ఉంటుంది. అంటే మూడు నీళ్ళు. 500 మిల్లీగ్రాముల మందు కావాలంటే సుమారు 574 మిల్లీగ్రాముల ట్రైహైడ్రేట్ తూచాలి. తక్కినది నీరు. ఈ లెక్క తెలియనివాడు 500 తూచితే రోగికి మందు తక్కువ పడుతుంది. స్ఫటికంలోని నీరు పోయినా, ఎక్కువైనా మాత్ర కరిగే వేగం మారిపోవచ్చు. కనుక చుక్కపెట్టి రాసే ఆ నీళ్ళమీద మనుషుల ఆరోగ్యం ఆధారపడి ఉంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు కలిపి పట్టే ఓ.ఆర్.ఎస్. పొడిలో ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 సూత్రం ప్రకారం లీటరుకు 2.9 గ్రాములు. అంతకుముందు వాడిన సోడా బైకార్బొనేటు ఉక్కదేశాల్లో పొట్లంలోనే పాడయ్యేది. అందుకని 1980లలో సిట్రేటుకు మారారు. సిట్రిక్ ఆమ్లం పుల్ల మామిడికాయలో ఉండేదే. చింతపండు పులుపు నుంచి రాషెల్ లవణం, మామిడికాయ పులుపు బంధువు నుంచి ఓ.ఆర్.ఎస్. లవణం. రెండూ సేంద్రియ లవణాలే, రెండూ నీటిని కట్టుకున్నవే. ఒకటి గాలి తేమకు ఓడిపోతుంది, రెండోది పొట్లంలో పొడి పాడవకుండా నిలబెడుతుంది. ఎందుకు? అది అడగవలసిన ప్రశ్న. మూత్రపిండాల్లో వచ్చే రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటే. ఒక నీటి అణువున్న రకం ఒకటి, రెండున్నది ఇంకొకటి. ఒక నీరున్న రాయి మరీ గట్టిది, పగలగొట్టడం కష్టం. ఇవన్నీ తెలిసినవాడికి ఉద్యోగం రాదా? వస్తుంది. వచ్చిన ఉద్యోగం నిలబెట్టుకోవడమూ వస్తుంది.

"మన దగ్గర ఎక్స్-కిరణాల యంత్రం ఏదీ?" అనేవారికి ఒకటే మాట. యంత్రం లేకపోవచ్చు. తూకం ఉంది, ఓవెన్ ఉంది, థర్మామీటరు ఉంది, దారం ఉంది, ఓపిక మాత్రం తెచ్చుకోవాలి. అయిదు గ్రాముల ట్రైసోడియం సిట్రేటు డైహైడ్రేటును 150 డిగ్రీలు దాటించి బరువు నిలకడగా వచ్చేదాకా ఉంచితే సుమారు 0.61 గ్రాములు తగ్గాలి. తగ్గిందా లేదా? తగ్గకపోతే ఎందుకు? సీసాలో ఉన్నది మనం అనుకున్న పదార్థమేనా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతికిన విద్యార్థి మూడు గైడ్లు చదివినవాడికంటే మెరుగు.

నాలుగు సూచనలు

విమర్శించి ఊరుకోవడం నాకిష్టం లేదు. విద్యార్థి సంఘానికీ, గురువులకూ, పూర్వ విద్యార్థులకూ నా మనవి ఇది.

మొదటిది: ప్రయోగశాలలో ఒక స్ఫటికాల అలమర పెట్టాలి. ప్రతి బ్యాచీ చలికాలంలో రాషెల్ లవణం, మైలుతుత్తం, పటిక స్ఫటికాలు పెంచాలి. పక్కనే ఒక రిజిస్టరులో రోజూ ఉష్ణోగ్రత, గాలిలో తేమ, స్ఫటికం బరువు రాయాలి. వెళ్ళిపోయేటప్పుడు జూనియర్లకు అప్పజెప్పవలసింది పాత రికార్డు కాదు, విత్తనపు స్ఫటికం. మంచి చెట్టు కొమ్మను అంటుకట్టి తోట పెంచడం మన ప్రాంతంవారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. పదేళ్ళు ఆ రిజిస్టరు నడిస్తే, ఈ వాతావరణంలో ఆర్ద్ర లవణాలు ఎలా ప్రవర్తిస్తాయో చెప్పే లెక్క మన దగ్గర సొంతంగా ఉంటుంది.

రెండోది: ప్రాక్టికల్ పరీక్షలో కనీసం ఒక ప్రయోగం జవాబు ముందే తెలియనిది ఉండాలి. వచ్చిన విలువకు కాకుండా, వచ్చినదాన్ని వచ్చినట్టు రాసి కారణం వెతికినందుకు మార్కులు వెయ్యాలి. ఇది విశ్వవిద్యాలయం చెయ్యవలసిన మార్పు అంటారేమో. అంతర్గత మార్కుల్లో మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నా నమ్మకం.

మూడోది: ప్రశ్నలు తెలుగులో అడగాలి. తెలుగు అకాడమీ 1968లో పుట్టినప్పటి నుంచి స్ఫటికం, సౌష్ఠవం, ఆర్ద్ర లవణం వంటి మాటలు మన పుస్తకాల్లో ఉన్నాయి. నోటికి మాత్రం రాలేదు. ఇంగ్లీషు వద్దని నేననను. భగవంతం గారు రాసింది ఇంగ్లీషులోనే. కాని ఊరి బడి నుంచి వచ్చిన పిల్ల వైవాలో నోరు మెదపకపోతే ఆమెకు సైన్సు రాదని తీర్పు చెప్పడం అన్యాయం. నీళ్ళు పోతే స్ఫటికం ఎందుకు పొడి అవుతుందో ఆమెకు తెలిసే ఉండవచ్చు. మనం ఆమె భాషలో అడగలేదు, అంతే.

నాలుగోది పూర్వ విద్యార్థులకు. వార్షికోత్సవం వేదికకూ, శాలువాలకూ మీరిచ్చే చందాలో కొంత పక్కకు తీసి ఒక మంచి తూకపు యంత్రం, ఒక తేమమాపకం కొనివ్వండి. మీ పేరు దానిమీద చెక్కించుకోండి, మాకు అభ్యంతరం లేదు. ఇక అక్టోబరు 14న భగవంతం గారి జయంతికి ఉపన్యాసాలు వద్దు. ఆ రోజు ప్రయోగశాల తలుపులు తెరిచి, ఆగిరిపల్లి, చుట్టుపక్కల బడిపిల్లలను పిలిచి స్ఫటికాలు చూపిద్దాం. దండ వేసిన ఫోటోకంటే ఆ పిల్ల చేతిలో పెట్టిన స్ఫటికం ఆయనకు ఎక్కువ గౌరవం.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. కాలేజీకి భవనాలు, సిలబసు, పరీక్షలు, పట్టాలు ఇవన్నీ బలమైన బంధాలే. ఎవరూ కాదనరు. కాని సైన్సు చదువును నిలబెట్టేవి చిన్న చిన్న బంధాలు. లెక్చరరు పక్కన నిలబడి స్ఫటికం వంక చూసిన పది నిమిషాలు, ఎందుకిలా అయిందని సాటి విద్యార్థితో పడ్డ తగాదా, కలవని రీడింగును కలవలేదని రాసిన ధైర్యం. ఒక్కొక్కటి తీసుకుంటే వాటి బలం ఎంతో కాదు. అవన్నీ ఆవిరైపోతే మాత్రం మిగిలేది, గాలికి వదిలేసిన చాకలిసోడాలాగా, పొడి. పేరు అదే ఉంటుంది, ఆకారం ఉండదు. మన చదువుకు ఆ గతి పట్టకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది. రాబోయే చలికాలంలో మొదలుపెడదామా?